అటక మీది క్యాసెట్లు: గొంతు నిలుపుకోవడం, రొద తగ్గించుకోవడం



మీ ఇంట్లో అటక మీదో, ఇనప్పెట్టెలోనో, పాత పుస్తకాల వెనకో కొన్ని క్యాసెట్లు పడి ఉంటాయి. సినిమా పాటల క్యాసెట్ల సంగతి నేను చెప్పడం లేదు. అవి పోయినా ఆ పాటలు మరోచోట దొరుకుతాయి. పైన అతికించిన కాగితం మీద నీలం సిరాతో "అమ్మమ్మ పాటలు" అనో, "చిన్నాన్న పెళ్ళి" అనో, "తాతయ్య పద్యాలు" అనో రాసి ఉంటుంది చూడండి, వాటి సంగతి. వాటికి రెండో ప్రతి ఎక్కడా ఉండదు.

బరంపురంలో, పర్లాకిమిడిలో, హోసూరులో, బళ్ళారిలో, షోలాపూరులో ఉన్న మనకు ఈ క్యాసెట్లు ఇంకొంచెం ఎక్కువ ముఖ్యం. మన పిల్లలు చాలామంది బడిలో ఒడియానో, తమిళమో, కన్నడమో, మరాఠీయో చదువుకుంటారు. మన ఇళ్ళల్లో పలికే తెలుగు ఏ వాచకంలోనూ అచ్చు కాలేదు. నాయనమ్మ ఆ మాటను ఎలా సాగదీసేది, ఏ అక్షరాన్ని ఎలా ఒత్తేది అనేదానికి కొన్ని కుటుంబాల్లో మిగిలిన సాక్ష్యం ఒక్క క్యాసెట్టే. అందుకని ఆ టేపులోని గొంతును కంప్యూటరులోకి ఎలా ఎక్కించుకోవాలి, అందులోని రొదను ఎంతవరకు తగ్గించుకోవాలి, ఎక్కడ ఆగాలి అనేది ఈరోజు మాట్లాడుకుందాం.

ముందుగా టేపు అంటే ఏమిటో రెండు మాటలు. పలుచని ప్లాస్టిక్ పట్టీ మీద ఇనుప ఆక్సైడు పొడిని పూతగా పూస్తారు. రికార్డు చేసేటప్పుడు హెడ్ అనే చిన్న విద్యుదయస్కాంతం ఆ పొడి రేణువులను ధ్వనికి తగినట్టు అయస్కాంతీకరిస్తుంది. వినేటప్పుడు అదే పని తిరగబడి జరుగుతుంది. ఫిలిప్స్ కంపెనీ 1963లో తెచ్చిన ఈ క్యాసెట్టులో టేపు వెడల్పు 3.8 మిల్లీమీటర్లే. అది సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంది. రేడియో స్టేషన్లలో వాడిన పెద్ద స్పూలు టేపు వెడల్పు 6.35 మిల్లీమీటర్లు, వేగం సాధారణంగా సెకనుకు 19 సెంటీమీటర్లు. క్యాసెట్టులో ధ్వనికి దొరికే చోటు ఎంత తక్కువో దీన్నిబట్టి ఊహించుకోండి. ఆ ఇరుకు వల్లనే పాట వెనక ఎప్పుడూ "స్‌స్‌స్" అని సన్నని బుస వినబడుతుంది. రేణువులు చేసే సవ్వడి అది. టేపు పాడైపోయిందనుకుని కంగారు పడకండి, అది పుట్టుకతో వచ్చినదే.

క్యాసెట్టు చేతికి రాగానే ప్లేయరులో పెట్టి మీట నొక్కడం చాలామంది చేసే పొరపాటు. ముందు కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని చూడండి. చుట్ట అంచు మీద తెల్లగా బూజులా కనబడితే దాన్ని ఆడించకూడదు. యానాం లాంటి గాలిలో చెమ్మ ఎక్కువున్న చోట్ల ఇది మామూలే. ఆడిస్తే ఆ బూజు హెడ్‌కు అంటుకుని, తరవాత పెట్టిన ప్రతి క్యాసెట్టుకూ పాకుతుంది. అలాంటిదాన్ని విడిగా సంచిలో కట్టి, తెలిసినవారికి చూపించండి. బూజు లేకపోతే, క్యాసెట్టు వెనక అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ రేకులను చూడండి. అవి విరగకుండా ఉంటే ఇప్పుడే విరిచేయండి. ఇక పొరపాటున రికార్డు మీట నొక్కినా ఉన్నది చెరిగిపోదు. తరవాత టేపు హెడ్‌ను తాకే చోట, చిన్న రాగిరేకు మీద గోరంత మెత్త ఉంటుంది. టేపును హెడ్‌కు అదిమిపట్టేది అదే. పాత క్యాసెట్లలో జిగురు ఎండి అది ఊడిపోతుంది. అది లేకపోతే పాట దూరం నుంచి, దుప్పటిలోంచి వినిపించినట్టు ఉంటుంది. మరలు ఉన్న మరో పనికిరాని క్యాసెట్టు డొక్కను విప్పి, మన టేపు చుట్టలను అందులోకి మార్చుకోవచ్చు. చేతులు శుభ్రంగా కడుక్కుని, తొందరపడకుండా చేస్తే పది నిమిషాల పని.

ఆడించే ముందు ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్ళీ వెనక్కి చుట్టండి. ఏళ్ళ తరబడి కదలని చుట్టలో ఒక పొర మీది ధ్వని పక్క పొర మీద లీలగా అచ్చు పడుతుంది. పాట మొదలవకముందే అదే పాట సన్నగా వినబడటం మీరు ఎప్పుడైనా గమనించి ఉంటే, దానికి కారణం ఇదే. తిప్పి చుడితే అది కొంత తగ్గుతుంది, బిగుసుకున్న చుట్ట కూడా వదులవుతుంది.

ఇక యంత్రం సంగతి. హెడ్ మీద, దాని పక్కన తిరిగే ఇనుప కడ్డీ మీద గోధుమరంగు మడ్డి పేరుకుని ఉంటుంది. మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల ముంచి తుడవండి. రబ్బరు చక్రాన్ని తడిగుడ్డతో తుడిస్తే చాలు. కిరోసిను వద్దు, సెంటు కలిసిన స్పిరిట్ వద్దు.

ఇప్పుడు చెప్పబోయేది చాలామందికి తెలియనిది. హెడ్ పక్కన స్ప్రింగుతో ఒక చిన్న మర ఉంటుంది. హెడ్ టేపుకు నిటారుగా ఉందా, వెంట్రుకవాసి పక్కకు ఒరిగిందా అనేది ఆ మర నిర్ణయిస్తుంది. మీ నాన్నగారి టూ-ఇన్-వన్‌లో హెడ్ కొంచెం ఒరిగి ఉండేదనుకోండి. అందులో రికార్డు చేసిన టేపు ఇవాళ సరిగ్గా ఉన్న ప్లేయరులో మొద్దుగా వినిపిస్తుంది. టేపు పాతబడిందని అందరూ దాన్నే తిడతారు. పాట ఆడుతుండగా ఆ మరను పావు చుట్టు కూడా కాదు, రవ్వంత అటూ ఇటూ తిప్పి చూడండి. 'స', 'చ' లాంటి అక్షరాలు ఎక్కడ స్పష్టంగా మెరుస్తాయో అక్కడ ఆపండి. ఇక్కడ పోయిన స్పష్టతను తరవాత ఏ కంప్యూటరూ పూర్తిగా తిరిగి ఇవ్వలేదు. మరమ్మత్తులో సగం కంప్యూటరు తెరవకముందే జరిగిపోతుందని నేననేది అందుకే.

ప్లేయరు నుంచి కంప్యూటరుకు తీగతోనే కలపండి. స్పీకరు ముందు సెల్‌ఫోను పెట్టి రికార్డు చేస్తే గదిలో ప్రతిధ్వని, వీధిలో ఆటో చప్పుడు అన్నీ అందులో కలిసిపోతాయి. వేరే దారి లేకపోతే అదైనా మంచిదే, అసలు లేకపోవడం కంటే. లాప్‌టాప్‌కు ఉన్న మైకు రంధ్రం చిన్న చిన్న శబ్దాల కోసం చేసినది. ప్లేయరు ఇచ్చే బలమైన ధ్వనిని అది తట్టుకోలేక పగలగొడుతుంది. యు.ఎస్.బి.తో తగిలించే చిన్న సౌండు పెట్టె ఒకటి కొనుక్కుంటే ఆ బాధ ఉండదు. ధ్వని స్థాయి ఎంత పెట్టాలి? అతి పెద్ద శబ్దం కూడా సున్నాకు 6 డెసిబెల్స్ కిందనే ఉండాలి. పాత టేప్ రికార్డరులో ముల్లు అప్పుడప్పుడు ఎర్రగీత దాటినా టేపు సర్దుకునేది. కంప్యూటరుకు ఆ ఓర్పు లేదు. సున్నా దాటితే తరంగం తలను కత్తితో కోసినట్టు కోసేస్తుంది. ఫైలును ఎం.పి.త్రీగా కాకుండా వేవ్ రూపంలో, 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌లో దాచండి. ఒకే చానెల్ అయితే గంటకు 518 మెగాబైట్లు అవుతుంది. ఇవాళ్టి పెన్‌డ్రైవులకు అదొక లెక్క కాదు.

క్యాసెట్టు ఒక పక్కను మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా ఎక్కించండి. ఖాళీ ఉన్నా, దగ్గు ఉన్నా, ఎవరో తిట్టినా ఆపవద్దు. ఆ ఫైలుకు "మూలం" అని పేరు పెట్టి, దాని జోలికి పోకండి. చేసే సవరణలన్నీ దాని నకలు మీదే చేయండి. ఈ మాట నేను గట్టిగా ఎందుకు చెబుతున్నానో మీకు చెప్పాలి.

కొన్నేళ్ళ కిందట షోలాపూరు నుంచి ఒకావిడ నా దగ్గరికి ఒక క్యాసెట్టు తెచ్చారు. ఆమెకు అరవై దాటాయి. పద్మశాలీల ఇల్లు. తల్లి పాడిన నాలుగు పాటలు అందులో ఉన్నాయి. నేను అప్పుడే ఈ పని నేర్చుకున్న ఉత్సాహంలో ఉన్నాను. పాట వెనక టకటకమని మగ్గం చప్పుడు. పాటకూ పాటకూ నడుమ గిన్నెల మోత, మాటలు. మగ్గాన్ని వీలైనంత అణిచేశాను, నడుమ ఉన్నదంతా కత్తిరించాను. నాలుగు పాటలూ కడిగిన ముత్యాల్లా తయారయ్యాయని మురిసిపోయి ఆమెకు వినిపించాను. ఆమె కాసేపు విని, "మగ్గం సప్పుడేది బిడ్డా? నాయిన నేస్తుంటెనే అమ్మ పాడేది" అన్నారు. తరవాత ఇంకొకటి అడిగారు. "రెండో పాట అయినంక అమ్మ నన్ను పేరు పెట్టి పిలుస్తది. అదెటు పోయింది?"

అది నేను విన్నాను. విని, చప్పుడు కింద లెక్కకట్టి, నా చేత్తోనే కోసేశాను. మూలం ఫైలు విడిగా దాచుకోలేదు. మళ్ళీ క్యాసెట్టు పెట్టి ఆడిస్తే, సరిగ్గా రెండో పాట చివర టేపు రబ్బరు చక్రానికి చుట్టుకుపోయింది. విప్పి చూస్తే దాదాపు 20 సెంటీమీటర్లు నలిగి, పూత రాలిపోయింది. సెకనుకు 4.76 సెంటీమీటర్ల లెక్కన నాలుగు సెకన్ల పైచిలుకు. మగ్గం తిరిగి వచ్చింది. ఆ పిలుపు మాత్రం రాలేదు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు.

కాబట్టి రొద అంటే ఏమిటి అని ముందు నిర్ణయించుకోవాలి. యంత్రం చేసినది రొద. ఇల్లు చేసినది రొద కాదు. నేను ఇప్పుడు పాటించే గీత ఇది. మీకు వేరే గీత తోచవచ్చు.

యంత్రం చేసిన రొదలో మొదటిది కరెంటు మోత, "గుంయ్" మని. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది కనుక ఆ మోత 50 హెర్ట్జ్ దగ్గర, దాని గుణిజాలైన 100, 150 దగ్గర ఉంటుంది. ముందు అది టేపులోదా, మీ తీగలదా తేల్చుకోండి. టేపు ఆపినా మోత వినబడుతుంటే అది మీదే. ప్లేయరును సెల్సు మీద నడిపి, లాప్‌టాప్ చార్జరు పీకేస్తే చాలావరకు పోతుంది. టేపు నడిచినప్పుడే వస్తుంటే అది ఆనాడు రికార్డయినదే. ఆ ఒక్కొక్క అంకె దగ్గర సన్నని కోత పెట్టాలి. వెడల్పుగా కోస్తే మగవాళ్ళ గొంతు పోతుంది, ఎందుకంటే వాళ్ళ గొంతుకు పునాది 100 నుంచి 150 ప్రాంతంలోనే ఉంటుంది.

ఈ మోత వల్ల ఒక మేలు కూడా ఉంది. కంప్యూటరులో కొలిస్తే టేపులోని మోత 52 దగ్గర కనబడిందనుకోండి, మీ ప్లేయరు 4 శాతం వేగంగా తిరుగుతోందన్నమాట. అమ్మమ్మ గొంతు చిన్నపిల్ల గొంతులా ఎందుకు ఉందో అప్పుడు తెలుస్తుంది. వేగాన్ని ఆ మేరకు తగ్గిస్తే గొంతు అసలు శ్రుతికి వస్తుంది. అయితే ఆ రోజుల్లో మన కరెంటు కచ్చితంగా 50 మీద నిలిచేది కాదు, కనుక ఇది ఉజ్జాయింపు లెక్కే. హరికథో, నాటక పద్యాలో అయితే హార్మోనియం మెట్లతో పోల్చి చూడటం ఇంకా నమ్మకం. ఆమెను ఎరిగిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే వాళ్ళ చెవి అన్నిటికన్నా నమ్మకం.

టిక్కుటిక్కుమనే శబ్దాలను ఒక్కొక్కటిగా పెద్దది చేసి చూసి సరిచేసుకోవచ్చు. ఓపిక కావాలి, అంతే.

బుస దగ్గరే అసలు చిక్కు. ఆడాసిటీ అని 2000 నుంచి ఉచితంగా దొరికే ప్రోగ్రాము ఉంది. దాంట్లో గానీ మరోదాంట్లో గానీ పద్ధతి ఒకటే. ఎవరూ మాట్లాడని, ఉత్త బుస మాత్రమే ఉన్న ఒకటి రెండు సెకన్ల ముక్కను దానికి చూపించాలి. అది ధ్వనిని సన్నటి స్థాయిలుగా విడదీసి, ఒక్కొక్క స్థాయిలో బుస ఎంత ఉందో గుర్తుపెట్టుకుంటుంది. తరవాత టేపు మొత్తంలో ఆ మట్టానికి కింద ఉన్నదాన్ని అణుస్తుంది. వినడానికి తెలివైన పనే. కానీ 'స', 'శ', 'ఫ' అనేటప్పుడు నోట్లోంచి వచ్చే గాలికీ టేపు బుసకూ పోలిక ఎక్కువ. ఎక్కువ అణిస్తే "శాస్త్రి" గారు "తాత్రి" గారవుతారు. ఊపిరి పీల్చుకునే చప్పుడు పోతే మనిషి పోయి బొమ్మ మిగులుతుంది. పైగా మిగిలిన ధ్వని నీళ్ళలోంచి వినిపించినట్టు, పిట్టలు కిచకిచలాడినట్టు ఉంటుంది. 6 నుంచి 9 డెసిబెల్స్ తగ్గిస్తే చాలు. 6 అంటేనే బుస తరంగం ఎత్తు సగానికి దిగిపోయింది. మిగతా సగం ఉండనివ్వండి, రెండు నిమిషాలు వింటే చెవి దాన్ని మరిచిపోతుంది.

ఎంత తగ్గించాలో తేల్చుకోవడానికి ఒక మంచి పరీక్ష ఉంది. తీసేసిన రొదను మాత్రమే వినిపించే ఏర్పాటు ఆ ప్రోగ్రాములో ఉంది. రెసిడ్యూ అని ఉంటుంది. దాన్ని నొక్కి వినండి. ఉత్త బుస వినబడితే సరే. అందులో మాటలు, అక్షరాల ముక్కలు వినబడుతుంటే మీరు గొంతునే పారబోస్తున్నారన్నమాట.

ఈమధ్య కృత్రిమ మేధతో గొంతును రొద నుంచి వేరుచేసే పరికరాలు వచ్చాయి. వాటి శక్తి తక్కువది కాదు. జాన్ లెనన్ 1970ల చివర ఇంట్లో పియానో వాయిస్తూ క్యాసెట్టు మీద పాడుకున్న ఒక పాటను తక్కిన బీటిల్స్ సభ్యులు 1995లో పూర్తి చేయబోయి, ఆ టేపు బాగోలేక వదిలేశారు. గొంతును పియానో నుంచి విడదీయడం సాధ్యమయ్యాక 2023 నవంబరులో అది "నౌ అండ్ దెన్" పేరుతో విడుదలైంది. అక్కడ వాళ్ళు చేసింది ఉన్న గొంతును వేరు చేయడం. కానీ కొన్ని పరికరాలు గొంతును వేరు చేయడంతో ఆగవు. అస్పష్టంగా ఉన్న చోట తమకు తోచిన శబ్దాన్ని కొత్తగా అల్లి పెడతాయి. ఇంగ్లీషు ప్రసంగానికి అది నడవవచ్చు. హోసూరు తెలుగులో ఒక మాట ఆ పరికరం ఎప్పుడూ వినకపోతే, తాను విన్న మరో మాటకు దగ్గరగా దాన్ని దిద్దేస్తుంది. వినేవాళ్ళకు తేడా తెలియదు. వాడుకోవద్దని నేననను. వాడిన ఫైలు పేరులో ఆ సంగతి రాసిపెట్టండి, మూలం పక్కనే ఉంచండి.

గది ప్రతిధ్వనినీ, రికార్డు చేసిన నాడే పగిలిపోయిన ధ్వనినీ ఇంటి పట్టున పూర్తిగా బాగుచేయడం కుదరదు. వాటితో కుస్తీ పట్టకండి.

మెరుగు పెట్టడం చివరి పని. ఉత్త మాటలే అయితే 80 హెర్ట్జ్‌కు కింద ఉన్నది కోసేస్తే మోటారు గురగుర పోతుంది. డప్పో, మృదంగమో ఉంటే కోయకండి. మాట మరీ మొద్దుగా ఉంటే 2 నుంచి 4 కిలోహెర్ట్జ్‌ల నడుమ 2, 3 డెసిబెల్స్ పెంచండి. కొన్నిచోట్ల గొంతు గట్టిగా, కొన్నిచోట్ల గుసగుసగా ఉంటే కంప్రెసర్ తేడాను తగ్గిస్తుంది. దీన్ని బుస తగ్గించాకే వాడాలి. ముందే వాడితే మాట ఆగినప్పుడల్లా బుస పైకి ఉబుకుతుంది. పాడ్‌కాస్టుగా పెట్టదలిస్తే సగటు శబ్దం మైనస్ 16 లఫ్స్ దగ్గర, శిఖరం మైనస్ 1 డెసిబెల్ లోపల ఉండేట్టు చూసుకోండి. అప్పుడు బస్సులో ఫోను పెట్టుకుని వినేవాళ్ళు మాటిమాటికీ శబ్దం పెంచుకోనక్కరలేదు. ఒకరోజు ఆగి, మరునాడు పొద్దున తాజా చెవితో మళ్ళీ వినండి. రాత్రి బాగుందనుకున్నది పొద్దున అతిగా కనబడటం నాకు చాలాసార్లు అనుభవం.

బంధువులకు పంపడానికి ఎం.పి.త్రీ సరిపోతుంది, ఒకే చానెల్ మాటలకు సెకనుకు 64 కిలోబిట్లు చాలు. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపండి. మూలాన్ని మాత్రం రెండు వేరు వేరు ఇళ్ళలో, రెండు వేరు వేరు డ్రైవుల మీద ఉంచండి. పాడినవారు ఎవరు, ఏ ఊరు, సుమారు ఏ సంవత్సరం, వెనక వినబడేది ఎవరి గొంతు, ఇవన్నీ తెలిసినవాళ్ళు ఉండగానే ఒక కాగితం మీద రాయించి ఫైలుతో పాటు పెట్టండి. నలుగురికీ వినిపించే ముందు ఆ ఇంటివాళ్ళను అడగండి. పాటల నడుమ అత్తాకోడళ్ళ మాటలు ఉంటాయి, అవి ఇంట్లోనే ఉండాలనుకోవచ్చు.

పనంతా అయ్యాక క్యాసెట్టును పారేయకండి. టేపును పూర్తిగా ఒక పక్కకు చుట్టి, డబ్బాలో నిలువుగా, స్పీకరుకూ మోటారుకూ దూరంగా, చెమ్మ తగలని చోట పెట్టండి. అటక వద్దు, వేసవిలో పెంకుల కింద వేడికి డొక్క వంగిపోతుంది. పడకగది బీరువాలో నడుమ అర అయితే బాగుంటుంది.